మీకు తెలుసా? గుట్టల పొట్టలో గమ్మత్తులు!

కరీంనగర్, ఆదిలాబాద్ గుట్టలంటే చాలామందికి మోదుగుపూలు, సీతాఫలాలు, మాడు పగిలే ఎండలు గుర్తొస్తాయి. ఈ గుట్టల లోపల ఏముందో తెలిస్తే అవన్నీ పక్కన పెట్టి ముక్కున వేలేసుకుంటారు! పాత ఉమ్మడి జిల్లాల నుంచి ఏరి తెచ్చిన ముచ్చట్లివి. ఎక్కడి నుంచి మొదలుపెట్టి చదివినా ఫర్వాలేదు.

● కరీంనగర్ గుట్ట ముందు హిమాలయం పసిపిల్ల! హిమాలయాలు లేవడం మొదలై సుమారు 5 కోట్ల ఏళ్ళయింది. కరీంనగర్ చుట్టుపక్కల రాళ్ళ వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు, అంటే యాభై రెట్లు.

● మరి ఎత్తు మాటేమిటి? అక్కడ మాత్రం మనం ఓడిపోతాం. తెలంగాణలో అన్నిటికన్నా ఎత్తైన డోలి గుట్ట 965 మీటర్లు. అది ఉన్నది కూడా ములుగు వైపు, ఛత్తీస్‌గఢ్ పొలిమేరలో. అలాంటివి తొమ్మిది ఒకదాని మీద ఒకటి పేర్చినా ఎవరెస్టుకు కొంచెం తక్కువే! కోట్లాది ఏళ్ళుగా ఎండా వానా గాలీ అరగదీయగా మిగిలినవి మన గుట్టలు.

● కరీంనగర్‌లో బండెక్కి మంచిర్యాల, ఆసిఫాబాద్, ఉట్నూరు మీదుగా ఆదిలాబాద్ వెళ్ళండి. దారి దాదాపు 250 కిలోమీటర్లు. బయల్దేరిన చోట రాయి వయసు 250 కోట్ల ఏళ్ళు, ఆదిలాబాద్ దారిలో కనిపించే లావా రాయి వయసు 6.6 కోట్ల ఏళ్ళు. అంటే కిలోమీటరుకు సుమారు కోటి ఏళ్ళు! ఏ ఎక్స్‌ప్రెస్ బస్సుకుంది ఇంత వేగం?

● కరీంనగర్, జగిత్యాల దారుల్లో గుండ్రటి బండలు ఒకదాని మీద ఒకటి పడిపోకుండా నిలబడి ఉంటాయి కదా, వాటిని అక్కడ పెట్టిందెవరు? ఎవరూ కాదు! అవి ఉన్నచోటే తయారయ్యాయి. నేల లోపల ఉన్నప్పుడే పగుళ్ళలోకి నీరు దిగి, ఉల్లిపాయ పొరలు ఊడినట్టు రాయి పొరలు పొరలుగా ఊడి గుండ్రమైంది. తర్వాత వానలకు చుట్టూ ఉన్న మట్టి కొట్టుకుపోయి బండలు బయటపడ్డాయి.

● కరీంనగర్ ప్రాంతంలో కొన్ని రాళ్ళు మనం నిలబడే నేల మీద పుట్టినవి కానే కావు. గ్రాన్యులైట్ అనే ఈ రకం రాయి ఎన్నో కిలోమీటర్ల లోతున, విపరీతమైన వేడిలో, ఒత్తిడిలో ఉడికి తయారవుతుంది. పైనున్నదంతా అరిగిపోయాక గానీ దానికి సూర్యుడు కనిపించలేదు.

● ఒకసారి మీ వంటింట్లోకి వెళ్ళి గట్టును చూడండి. నల్లటి రాతిలో గోధుమ, ఎరుపు కలిసిన పెద్ద పెద్ద మచ్చలున్నాయా? అయితే అది ‘టాన్ బ్రౌన్’ కావచ్చు, కరీంనగర్ క్వారీల సరుకు. ఆ మచ్చలు రంగు కాదు, ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజపు పలుకులు. భూగర్భంలో శిలాద్రవం నిదానంగా చల్లారితేనే పలుకులు అంత పెద్దవవుతాయి. ఈ రాయి ఓడలెక్కి చైనా దాకా పోతుంది. మన గుట్ట ముక్క మీద ఏ దేశంలో ఎవరు కూరగాయలు తరుగుతున్నారో!

● ఇక్కడి గట్టి రాతిని తొలిచి, కరీంనగర్ జిల్లా రామడుగు మండలం లక్ష్మీపూర్‌లో భూగర్భంలో పంపుహౌస్ కట్టారు. 2019లో నడవడం మొదలైన ఆ పంపులు మొత్తం 7. ఒక్కొక్కటి 139 మెగావాట్లు. ఎంతో అర్థం కాలేదా? ఒక్క పంపు బలం, పొలాల్లో తిరిగే 5 హార్స్‌పవర్ బోరు మోటార్లు 37 వేలు కలిపినంత!

● మానేరు ఇసుక ఎక్కడిదనుకున్నారు? ఎక్కువ భాగం ఈ గుట్టలదే. ఫెల్డ్‌స్పార్ కుళ్ళి మట్టిగా మారిపోతుంది. క్వార్ట్జ్ పలుకు మాత్రం మొండిది, అరుగుతుంది గానీ కుళ్ళదు, అందుకే అది ఇసుకగా మిగులుతుంది.

● ఇక బొమ్మలగుట్ట. గంగాధర మండలం కురిక్యాల దగ్గరి ఈ గుట్ట ఒక పుస్తకం! సుమారు 10వ శతాబ్దం నడుమ జినవల్లభుడు దాని బండ మీద శాసనం చెక్కించాడు. ఆయన ఎవరో కాదు, కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు. శాసనంలో సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్నాయి. తెలుగు భాగంలో ఉన్నవి కంద పద్యాలు! నన్నయ భారతం మొదలుపెట్టక ముందే, రాజమహేంద్రవరానికి ఇంత దూరంలో, ఒక గుట్ట మీద కందం నిలబడి ఉందన్నమాట. పైన జైన తీర్థంకరుల బొమ్మలు, చక్రేశ్వరి బొమ్మ, కింద అక్షరాలు. కాగితమైతే వెయ్యేళ్ళు ఆగేదా? తెలుగుకు ప్రాచీన హోదా గురించి మాట్లాడినప్పుడల్లా ఈ బండ పేరు రావాల్సిందే. చుట్టుపక్కల గుట్టలకు మాత్రం క్వారీల బెడద తప్పలేదు.

● ఎలగందుల కోట కూడా గుట్ట మీదిదే, పక్కనే మానేరు. 1905లో జిల్లా కేంద్రం కరీంనగర్‌కు మారక ముందు ఇదే జిల్లా కేంద్రం. కోటలోని మసీదు మినార్లను 1754లో జఫరుద్దౌలా కట్టించాడు. వాటిని పట్టుకుని ఊపితే ఊగుతాయని పేరు! మీరు వెళ్తే ఊపకండి, చూసి రండి చాలు.

● ఆదిలాబాద్‌లో సహ్యాద్రి ఉందంటే నమ్ముతారా? ఉంది! నాసిక్ వైపు పడమటి కనుమల నుంచి చీలిన కొండల వరుస అజంతా మీదుగా తూర్పుకు సాగి నిర్మల్, ఆదిలాబాద్ దాకా వస్తుంది. మనవాళ్ళు సత్మల అన్నా, నిర్మల్ గుట్టలన్నా ఆ వరుసే. అజంతా గుహలను చెక్కిన కొండలకు నిర్మల్ దగ్గరి మన మహబూబ్‌ఘాట్ దూరపు చుట్టం.

● ఆ వరుసలో పడమటి భాగమంతా గడ్డకట్టిన లావా. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కింద భూమి పగిలి లావా పొంగింది. అరిగిపోగా ఇవాళ మిగిలిందే దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే నాలుగు తెలంగాణలు కప్పేసినా ఇంకా మిగులుతుంది! ఒక్కసారి పొంగి ఆగలేదు, పొర మీద పొరగా పొంగింది. అందుకే ఈ కొండలు మెట్లు మెట్లుగా ఉంటాయి, పైభాగం బల్లపరుపుగా ఉంటుంది.

● ఆ లావా ఎంత దూరం పారి ఉంటుంది? రాజమండ్రి దగ్గర కూడా అదే కాలపు లావా పొరలున్నాయి! పాత నదీలోయల వెంట దాదాపు 1000 కిలోమీటర్లు పారి అక్కడికి చేరిందని శాస్త్రవేత్తల అంచనా. ప్రపంచంలోనే అతి పొడవైన లావా ప్రవాహాల్లో దీన్ని లెక్కేస్తారు.

● లావా పొంగిన రోజుల్లో ఆదిలాబాద్ భూమధ్యరేఖకు దక్షిణాన ఉండేది! ఇప్పుడు హిందూ మహాసముద్రంలో రీయూనియన్ దీవి కింద మండుతున్న పొయ్యి మీదుగా అప్పట్లో మన దేశం ప్రయాణం చేస్తోంది. ఆ దీవిలో అగ్నిపర్వతం నేటికీ పొగలు కక్కుతోంది. దాని పక్క దీవి మారిషస్. 19వ శతాబ్దంలో తెలుగువాళ్ళు ఓడలెక్కి చేరింది అక్కడికే.

● ఆదిలాబాద్ పత్తికి అంత పేరు ఎందుకు? నల్లరేగడి వల్ల. నల్లరేగడి ఎందుకు? లావా రాయి చివికి మట్టి కావడం వల్ల! కరీంనగర్‌లో గ్రానైట్ చివికిన చోట ఎర్ర చెలక. రాయి మారితే నేల రంగు మారింది, నేల మారితే పంట మారింది.

● లావా పొంగులకు నడుమ నడుమ వేల ఏళ్ళ విరామాలుండేవి. ఆ సందుల్లో చెరువులు నిండేవి, చేపలు ఈదేవి. అవి చచ్చి బురదలో కూరుకుపోయాక పైన మళ్ళీ లావా! ఆసిఫాబాద్ దగ్గర ఇలాంటి పొరలో చిన్న చిన్న పళ్ళు, ఎముకలు ఏరిన శాస్త్రవేత్తలు, అవి సముద్రతీర మైదానపు జీవులని 1987లో ప్రకటించారు. ఆసిఫాబాద్‌కు సముద్రతీరం! ఇవాళ అక్కడి నుంచి సముద్రానికి ఎన్ని బస్సులు మారాలో లెక్కేసుకోండి.

● ఇది చదివే ముందు ఒక శాలువా కప్పుకోండి. దాదాపు 30 కోట్ల ఏళ్ళ కింద ఈ ప్రాంతం మంచు కింద ఉంది! రుజువేదీ అంటారా? ఆదిలాబాద్ పొలిమేర దాటగానే చంద్రాపూర్ వైపు ఇరాయి అనే ఊరుంది. 1870లలో ఫెడెన్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు అక్కడ పెన్‌గంగ నదిలో ఒక సున్నపురాతి బండను గమనించాడు. బండ నున్నగా ఉంది, దాని మీద ఒకే దిక్కుకు సాగిన గీతలున్నాయి. నీళ్ళు అలా గీయలేవు. హిమానీనదం కదిలేటప్పుడు దాని అడుగున ఇరుక్కున్న రాళ్ళు నేలను గీరుకుంటూ పోతాయి, ఆ గీతలే ఇవి. అప్పట్లో మన దేశం దక్షిణ ధ్రువానికి చేరువలో ఉండేది మరి! మే నెలలో 45 డిగ్రీలు కాసే చోట మంచు గీసిన గీతలు చూడడం కన్నా గమ్మత్తు ఏముంది?

● ఆ గీతలు పడ్డ సున్నపురాయి మంచుకన్నా ఎంతో పాతది, దాదాపు 100 కోట్ల ఏళ్ళ కిందటిది. పాత సముద్రం అడుగున పేరుకున్నది. దాని పొరల్లో మాంగనీసు కూడా ఉంది. ఆదిలాబాద్‌లో సిమెంటు ఫ్యాక్టరీ పెట్టింది ఈ రాయిని నమ్ముకునే!

● మంచు పోయినా చలి మాత్రం పూర్తిగా పోలేదు. శీతాకాలంలో తెలంగాణలో అతి తక్కువ ఉష్ణోగ్రతల వార్త ఎక్కడి నుంచి వస్తుంది? అర్లి, సిర్పూర్, గిన్నెధరి... అన్నీ ఉమ్మడి ఆదిలాబాద్ ఊళ్ళే. కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత 5 డిగ్రీల కన్నా కిందికి దిగిపోతుంది. వేసవి 45, చలికాలం 5: ఒకే ఊరు, ఒకే ఏడాది, 40 డిగ్రీల తేడా!

● దక్షిణ అమెరికా, ఆఫ్రికా, అంటార్కిటికా, ఆస్ట్రేలియా, భారతదేశం ఒకప్పుడు కలిసి ఉండేవని బడిలో చదివాం. ఆ మహాఖండానికి ఏం పేరు పెట్టారు? గోండ్వానా! ఆదిలాబాద్ గూడేల్లో ఉండే గోండుల పేరే. మధ్య భారతంలో గోండుల సీమలోని రాతి పొరలకు 1872లో భూగర్భ శాస్త్రజ్ఞుడు మెడ్లికాట్ ఈ పేరు వాడాడు, 1885లో ఆస్ట్రియా శాస్త్రవేత్త సూయెస్ దాన్ని మహాఖండానికి ఎక్కించాడు. బ్రెజిల్‌లో భూగర్భ శాస్త్రం చదివే పిల్లవాడు కూడా ఈ పేరు పలక్కుండా పరీక్ష రాయలేడు.

● 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ ప్రాణాలు కోల్పోయిన కెప్టెన్ స్కాట్ బృందం, చివరిదాకా బండి మీద లాగిన బరువుల్లో 16 కిలోల రాళ్ళున్నాయి. వాటిలో గ్లాసోప్టెరిస్ అనే చెట్టు ఆకుల ముద్రలు! సింగరేణి బొగ్గు పొరల కాలంలో ఇక్కడ ఊగిన చెట్టు అదే. చలికి చచ్చిపోతూ కూడా వాళ్ళు వదలని ఆకు, మన గనుల దగ్గర రాళ్ళ కుప్పల్లో దొరికే ఆకు ఒకటే.

● అలాంటి చెట్లు కూలి, బురదలో మగ్గి, 25 కోట్ల ఏళ్ళు పైబడి బొగ్గయ్యాయి. గనిని ‘బాయి’ అనే సింగరేణి కార్మికుడు రోజూ దిగేది బావిలోకి కాదు, ఒక పాత అడవిలోకి! గోదావరి లోయలో ఈ బొగ్గు పట్టీ పొడవు సుమారు 350 కిలోమీటర్లు. ఇల్లెందు దగ్గర బొగ్గు జాడ భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం కింగ్‌కు 1871లో దొరికింది. బెల్లంపల్లి, మందమర్రి, రామగుండం ఆ తర్వాత లోకానికి తెలిసిన పేర్లు.

● ఈ ప్రాంతంలో అన్నిటికన్నా చిన్న వయసు గుట్టలు ఏవో చెప్పుకోండి చూద్దాం. రామగుండం, మందమర్రి వైపు ఓపెన్‌కాస్ట్ గనుల పక్కనున్న మట్టి గుట్టలు! కొన్నింటి వయసు పదేళ్ళు కూడా ఉండదు. వాటిని లేపింది డంపర్లు. ఇంకో వింత ఏమిటంటే, అక్కడ తవ్వేటప్పుడు పైపొర ముందు వస్తుంది, లోతు పొర తర్వాత వస్తుంది. పోసేటప్పుడు ముందు వచ్చింది అడుగున పడుతుంది. చాలాచోట్ల భూమి చరిత్ర తలకిందులైపోతుంది!

● అలా తవ్వుతుంటే ఏనుగు కూడా దొరికింది! మేడిపల్లి ఓపెన్‌కాస్ట్‌లో స్టెగోడాన్ అవశేషాలు బయటపడ్డాయి. పొడవైన దంతాలున్న ఆ ఏనుగుజాతి ఇప్పుడు భూమ్మీద లేదు.

● గోదావరి ఇక్కడ తన దారి తాను చేసుకోలేదు, తయారుగా ఉన్న దారిలో పారుతోంది. కోట్ల ఏళ్ళ కింద రెండు పాత శిలాఖండాల నడుమ నేల పగిలి, పట్టీలా కుంగింది. కుంగిన కొద్దీ ఇసుక, బురద, చెట్లు నిండి కొన్ని కిలోమీటర్ల మందం పేరుకున్నాయి. నదికి ఇటు కరీంనగర్ ఒక ఖండం, అటు బస్తర్ ఇంకో ఖండం!

● ఆ పగులు పూర్తిగా నిద్రపోలేదు సుమా! 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. 2024 డిసెంబర్ 4న ములుగులో 5.3. ఆ ఉదయం కరీంనగర్, పెద్దపల్లిలో కూడా మంచాలు కదిలాయి.

● ఇప్పుడు మాలేరికి రండి. ఆసిఫాబాద్ వైపున్న ఈ చిన్న ఊరి పేరు ప్రపంచంలో శిలాజాలు చదివే ప్రతివాళ్ళకూ తెలుసు. ఇక్కడి ఎర్రమట్టి పొరల్లో 22 కోట్ల ఏళ్ళు పైబడిన పారాసూకస్ అస్థిపంజరాలు రెండు దొరికాయి. చూడ్డానికి మొసలిలా ఉండే జంతువు. దుమ్ము దులుపుతుంటే పొట్ట దగ్గర ఇంకేవో సన్నటి ఎముకలు! ఒకదాని పొట్టలోనే కాదు, రెండోదాని పొట్టలోనూ! చూస్తే అది అప్పటిదాకా ఎవరికీ తెలియని బల్లిలాంటి జీవి. దానికి మలేరిసారస్ అని 1980లో పేరు పెట్టారు. ఒక జీవి లోకానికి పరిచయమైంది మరో జీవి భోజనంగా! తిన్నది అరగక ముందే తిన్నవి కూడా చచ్చి బురదలో కూరుకుపోయాయి కాబట్టి ఇదంతా మనకు తెలిసింది.

● పారాసూకస్ హిస్లోపి అన్న పేరులోని హిస్లోప్ నాగపూర్‌లో ఉండే పాదిరి. మతప్రచారం మధ్యలో రాళ్ళేరుకునే పిచ్చి ఆయనది. 1863లో వాగులో మునిగి చనిపోయాడు. నాగపూర్‌లో హిస్లోప్ కాలేజీ ఆయన పేరు మీదిదే.

● మాలేరిలో దొరికిన ఊపిరితిత్తుల చేప పళ్ళకు 1859లోనే శాస్త్రీయ నామాలు పెట్టారు. దాని బంధువు ఆస్ట్రేలియాలో బతికే ఉందని శాస్త్రలోకానికి తెలిసింది 1870లో! అంటే చచ్చిన చేప మనకు ముందు పరిచయం, బతికున్న చేప తర్వాత.

● మొసలిలాంటివి అప్పుడే కాదు, ఇప్పుడూ ఈ లోయలో ఉన్నాయి. మంథని దగ్గర గోదావరి ఒడ్డున శివారం అభయారణ్యం నిజం మొసళ్ళ కోసం పెట్టిందే. 22 కోట్ల ఏళ్ళ తర్వాత కూడా అదే లోయ, అదే నీళ్ళు, అవే కోరలు! మధ్యలో డైనోసార్లు వచ్చి పోయాయి, అంతే.

● మీ ఊరి పేరు డైనోసార్‌కు ఉందా? మంచిర్యాల, ఆసిఫాబాద్ జిల్లాల వాళ్ళకు ఆ అదృష్టం ఉంది! యామన్‌పల్లి పేరుతో కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్. ధర్మారం పేరుతో లాంప్లఫ్‌సారా ధర్మారమెన్సిస్. నంబాల పేరుతో నంబాలియా, జక్లపల్లి పేరుతో జక్లపల్లిసారస్, ఈ రెండూ 2011లో పెట్టినవి. మాలేరి పేరుతో ఆల్వాకేరియా మలేరియెన్సిస్. చివరి పేరు విని దోమతెర వెతక్కండి, అది జ్వరం కాదు, ఊరు!

● యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ ఎముకలు 840. దొరికిన జాగా ఎంత? 2,400 చదరపు మీటర్లు, మన లెక్కలో దాదాపు 24 గుంటలు. ఎకరం కూడా లేని చెలకలో కనీసం 12 డైనోసార్లు! 9 మీటర్ల పొడవు, రెండున్నర టన్నుల బరువు ఉండే ఈ శాకాహారిని 1988లో పి. యాదగిరి లోకానికి పరిచయం చేశారు. కూర్చిన అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. ఒక్క లోటు ఏమిటంటే ఆ 840లో పుర్రె లేదు, తల తాలూకు దొరికినవి రెండు పళ్ళు మాత్రమే. మ్యూజియానికి వెళ్ళినప్పుడు దాని మొహం ఎలా తెలిసిందని పిల్లల్ని అడగండి, తెల్లమొహం వేస్తారు!

● అదే లోయలో, ప్రాణహిత అవతలి సిరోంచ వైపు ఇంకా పెద్దది దొరికింది. దాని తొడ ఎముక ఒక్కటే 1.7 మీటర్లు, అంటే మనిషంత! బెంగాలీలో ‘పెద్ద కాలు’ అని అర్థం వచ్చేలా 1975లో బరాపాసారస్ అన్నారు. పూర్తి పేరు బరాపాసారస్ టాగోరై. డైనోసార్‌కూ విశ్వకవికీ ఏమిటి సంబంధం? తవ్వకాలు జరిగిన ఏడాది రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి. తవ్వింది కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు. లెక్కల సంస్థకు డైనోసార్లేమిటని అడగకండి, దాని అప్పటి పెద్ద మహలనోబిస్‌కు అన్నీ కావాల్సిందే!

● సిరోంచ దగ్గరి కోట అనే ఊరి సున్నపురాతిలో చేపలున్నాయి. పొలుసులతో సహా రాతి మీద అచ్చయిపోయిన చేపలు! దక్కన్‌లో చేప శిలాజం దొరికిందన్న వార్త 1851లోనే లండన్ జియలాజికల్ సొసైటీ పత్రికలో అచ్చయింది.

● అదే కోట పొరల నుంచి వచ్చిన ఒక చిన్న పన్నుకు 1981లో కోటథీరియం హాల్డేని అని పేరు పెట్టారు. డైనోసార్ల కాళ్ళ కింద తిరిగిన ఎలుకంత పాలిచ్చే జంతువు అది. భారత పౌరసత్వం తీసుకుని ఇక్కడే చివరిదాకా ఉన్న బ్రిటన్ శాస్త్రవేత్త హాల్డేన్ పేరు దానికి దక్కింది.

● డమాస్కస్ కత్తి పేరు విన్నారు కదా? దానికి కావాల్సిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు నిర్మల్ గుట్టల అవతల, గోదావరి ఇటు ఒడ్డున కోనసముద్రం దాకా వచ్చేవారు! ఆ ఉక్కుకు ఇనుపరాయి నిర్మల్ దగ్గరి దిమ్మదుర్తి నుంచి కూడా వెళ్ళేది. రెండొందల ఏళ్ళ కింద సర్వే బృందంతో వచ్చిన డాక్టర్ వాయిసీ ఇదంతా కళ్ళారా చూసి రాసిపెట్టాడు.

● ఇక నదుల వింతలు. పాత ఆదిలాబాద్ జిల్లాకు ఉత్తరాన పెన్‌గంగ, తూర్పున వార్ధా, ప్రాణహిత, దక్షిణాన గోదావరి. మూడు వైపులా నీళ్ళే! సత్మల గుట్ట నెత్తి మీద ఒకే వాన పడుతుంది. ఉత్తరపు వాలు చినుకు పెన్‌గంగలో పడి వార్ధా, ప్రాణహిత మీదుగా పోతుంది. దక్షిణపు వాలు చినుకు కడెం వాగులో పడి గోదావరి మీదుగా పోతుంది. అంత దూరం వేరువేరుగా తిరిగి రెండూ కలిసేది ఎక్కడ? కాళేశ్వరంలో!

● ప్రాణహిత పొడవు 113 కిలోమీటర్లే, అయినా గోదావరి ఉపనదుల్లో అదే పెద్దది! వార్ధా, వైన్‌గంగ, పెన్‌గంగల నీళ్ళన్నీ మోసుకొస్తుంది కాబట్టి దాని పరీవాహక ప్రాంతం సుమారు 1,09,000 చదరపు కిలోమీటర్లు. మొత్తం తెలంగాణ విస్తీర్ణం 1,12,000. అంటే దాదాపు ఒక తెలంగాణ మీద కురిసిన వాన ఆ చిన్న నదిలో నుంచే పోవాలి!

● గోదావరి పుట్టిన త్ర్యంబకేశ్వరానికి అరేబియా సముద్రం 80 కిలోమీటర్లే. పక్కన సముద్రం ఉండగా 1,465 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతానికి పోయింది! దక్కన్ పీఠభూమి తూర్పుకు వాలి ఉంది మరి, నది ఏం చేస్తుంది?

● ఆ తూర్పు ప్రయాణంలోనూ వంకర్లే. ధర్మపురిలో గోదావరి దక్షిణవాహిని, చెన్నూరులో ఉత్తరవాహిని. రెండు చోట్లా స్నానానికి పుణ్యమెక్కువంటారు.

● నేరడిగొండ మండలంలో కుంటాల జలపాతం ఎత్తు సుమారు 147 అడుగులు, పదిహేను అంతస్తుల మేడంత. దుష్యంతుడి శకుంతల ఇక్కడే జలకాలాడిందని స్థలపురాణం. దగ్గరే ఉన్న పొచ్చెర ఎత్తులో చిన్నది, చప్పుడులో మాత్రం కాదు. ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ అడవిలో మిట్టె జలపాతం ఒకటి కాదు, ఏడు! అందుకే సప్తగుండాలంటారు.

● ఆ గుట్టల నీళ్ళు దూకితే ఎలా ఉంటుందో కడెం ప్రాజెక్టును అడగాలి. 2022 జులైలో సుమారు 3 లక్షల క్యూసెక్కులు వదలగల కట్ట మీదికి 5 లక్షల దాకా వరద వచ్చింది! 18 గేట్లలో ఒకటి తెరుచుకోలేదు. అయినా కట్ట నిలబడింది.

● బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట అంచుల్లో పొడుగుముక్కు రాబందులు గూళ్ళు పెట్టాయి. దేశమంతటా రాబందులు కరువైన రోజుల్లో, 2013 ప్రాంతంలో, అవి ఇక్కడ కనిపించడం పెద్ద వార్త. నిటారు కొండ అంచు దొరికితే చెట్టు కూడా అక్కర్లేని పక్షి అది.

గుట్టల మీద తిరిగేటప్పుడు రాతిలో చిప్పో, ఆకు ముద్రో, ఎముకో, బండ మీద అక్షరాలో కనబడితే పెకిలించకండి, సుద్దతో దిద్దకండి. ఫోటో తీసి, ఊరి పేరు రాసుకుని, పురావస్తు శాఖకో జియలాజికల్ సర్వేకో చెప్పండి. ఉన్నచోట ఉంటేనే ఏ పొరలో ఉందో తెలుస్తుంది, పొర తెలిస్తేనే వయసు తెలుస్తుంది. జేబులో వేసుకుని ఇంటికి తెస్తే అది మళ్ళీ ఉత్త రాయే!